నెల్లూరు నుంచి ట్రెంటన్ దాకా: అమెరికా రాష్ట్ర అసెంబ్లీలో ఒక సీటు వెనక ఏముంటుంది

అమెరికాలో తెలుగువాళ్ళెవరైనా రాష్ట్ర చట్టసభకు గెలిస్తే మన వాట్సాప్ గ్రూపుల్లో మొదట వచ్చే మాట "మనవాళ్ళు అక్కడ ఎమ్మెల్యే అయ్యారు" అని. ఆ పోలిక సగం దూరమే నడుస్తుంది. ఎమ్మెల్యే టికెట్ పార్టీ అధిష్ఠానం చేతిలో ఉంటుంది, అక్కడ ప్రైమరీ అనే పార్టీ లోపలి ఎన్నికలో ఓటర్లు తేలుస్తారు. ఎమ్మెల్యే విప్‌ను ధిక్కరిస్తే 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం కింద సభ్యత్వమే పోవచ్చు. అక్కడ సొంత పార్టీ బిల్లుకు వ్యతిరేకంగా ఓటేసినా సీటు పోదు, మహా అయితే కమిటీ పదవి పోతుంది. అక్కడ మంత్రులు సభలో కూర్చోరు కాబట్టి ప్రతి బిల్లు మీదా ఎవరో ఒక సభ్యుడి పేరు ఉండి తీరాలి. దేశం మొత్తం మీద అలాంటి సీట్లు 7,386. వాటిలో ఒకటి వలస వచ్చిన మనిషికి ఎలా దొరుకుతుంది, దొరికాక రోజూ చేసే పనేమిటి అన్నది మనవాళ్ళు పెద్దగా రాయరు. విజయోత్సవం ఫోటోల దగ్గరే ఆగిపోతాం.

ఈ దారి అర్థం కావడానికి ఉపేంద్ర చివుకుల గారి ప్రయాణం కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించదు. 1950లో నెల్లూరులో పుట్టారు. మద్రాసులో గిండీ ఇంజినీరింగ్ కాలేజీ, ఆ తర్వాత న్యూయార్క్ సిటీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్. 1997లో న్యూజెర్సీలోని ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిల్‌కు ఎన్నికయ్యారు, 1998లో డిప్యూటీ మేయర్, 2000లో మేయర్. 2001 నవంబరులో 17వ డిస్ట్రిక్ట్ (నియోజకవర్గం) నుంచి రాష్ట్ర జనరల్ అసెంబ్లీకి గెలిచి 2002 జనవరి నుంచి 2014 సెప్టెంబరు వరకు అక్కడే ఉన్నారు. న్యూజెర్సీ చట్టసభలో అడుగుపెట్టిన తొలి భారతీయ అమెరికన్ ఆయనే. అందరూ ఆ "తొలి" అన్న మాటనే పట్టుకుంటారు. అంతకన్నా ముఖ్యమైనవి దాని ముందున్న నాలుగేళ్ళు. రోడ్ల గుంతలు, మురుగు కాలవలు, జోనింగ్ తగాదాలు, ఆస్తి పన్ను మీద జనం అరుపులు. అసెంబ్లీ సీటుకు పునాది పడేది ఆ కౌన్సిల్ గదిలోనే.

మిగతావాళ్ళనూ చూడండి. నాగపూర్‌లో పుట్టిన స్వాతి దండేకర్ 2002లో అయోవా ప్రతినిధుల సభకు గెలవడానికి ముందు ఆరేళ్ళు లిన్-మార్ స్కూల్ బోర్డులో పనిచేశారు. వరంగల్ ఆర్‌ఈసీలో చదివిన పద్మ కుప్ప 2018లో మిషిగన్ హౌస్‌కు గెలిచేనాటికి ట్రాయ్ నగర ప్లానింగ్ కమిషన్‌లో కూర్చుని ఉన్నారు. హైదరాబాదులో పుట్టి ఏడేళ్ళ వయసులో అమెరికా వెళ్ళిన అరుణా మిల్లర్, మేరీలాండ్‌లోని మాంట్‌గమరీ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) రవాణా ఇంజినీరుగా ఏళ్ళ తరబడి పనిచేశాక 2010లో ఆ రాష్ట్ర దిగువ సభ అయిన హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌కు గెలిచారు. ట్రాఫిక్ సిగ్నల్ ఎక్కడ రావాలో చెప్పే ఉద్యోగం చేసినవాళ్ళకు డిస్ట్రిక్ట్‌లో ప్రతి కూడలీ తెలుసు. దీనికి మినహాయింపు లేకపోలేదు. హైదరాబాదులోనే పుట్టిన గజాలా హాష్మీ కాలేజీలో సాహిత్యం చెబుతూ, అంతకు ముందు ఏ పదవీ లేకుండా, 2019లో నేరుగా వర్జీనియా సెనేట్‌కు గెలిచారు. కానీ ఆ ఏడాది వర్జీనియాలో గాలి ఆమె పార్టీ వైపు వీస్తోంది. గాలి మీద లెక్క వేసుకుని ఎవరూ దిగకూడదు.

కౌన్సిల్ కన్నా కింద ఇంకో మెట్టుంది, మనవాళ్ళకు దాదాపు తెలియదు: పార్టీ కౌంటీ కమిటీ. న్యూజెర్సీలో ప్రతి పోలింగ్ పరిధికీ పార్టీ తరఫున ఇద్దరేసి కమిటీ సభ్యులుంటారు. జీతం లేదు, హోదా లేదు. చాలా చోట్ల పోటీ కూడా ఉండదు, కొన్ని సీట్లు ఖాళీగానే పడి ఉంటాయి. వీళ్ళ పని ఎంత బరువైనదో శాసనసభ్యులెవరైనా మధ్యలో రాజీనామా చేసినప్పుడు తెలుస్తుంది. ఖాళీ అయిన సీటుకు తాత్కాలికంగా ఎవర్ని పంపాలో ఓటేసేది ఈ కమిటీ సభ్యులే. ఓ హాల్లో కూర్చున్న కొన్ని వందల మంది రాష్ట్ర శాసనసభ్యుణ్ణి ఎంపిక చేస్తారు. ఆ హాల్లో మనవాళ్ళు ఎందరున్నారు అన్నది నాకు ఏ బాంక్వెట్ హాలు కన్నా ముఖ్యమైన లెక్క.

ఇక అర్హత. చాలామంది అనుకునేదానికి భిన్నంగా, పుట్టుకతోనే అమెరికా పౌరులై ఉండాలన్న నియమం దేశాధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకే. అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌లో ప్రతినిధుల సభకు ఏడేళ్ళ పౌరసత్వం, సెనేట్‌కు తొమ్మిదేళ్ళు కావాలి. రాష్ట్ర చట్టసభకు ఏ రాష్ట్రం నియమం ఆ రాష్ట్రానిది. న్యూజెర్సీ అసెంబ్లీకి 21 ఏళ్ళ వయసు, రాష్ట్రంలో రెండేళ్ళు, డిస్ట్రిక్ట్‌లో ఏడాది నివాసం. న్యూజెర్సీ సెనేట్‌కు 30 ఏళ్ళు, రాష్ట్రంలో నాలుగేళ్ళు. తేదీల దగ్గర నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో భారత్ నుంచి వలస వెళ్ళిన దలీప్ సింగ్ సౌంద్ గారి విషయంలో కనిపిస్తుంది. 1949లో పౌరసత్వం వచ్చింది, 1950లో కాలిఫోర్నియాలో చిన్న కోర్టు జడ్జిగా గెలిచారు, కానీ ఎన్నిక నాటికి పౌరసత్వం వచ్చి ఏడాది నిండలేదని సీటు ఇవ్వలేదు. 1952లో మళ్ళీ నిలబడి గెలిచారు. 1956లో కాంగ్రెస్‌కే వెళ్ళారు.

పౌరసత్వం దగ్గర తరాల తేడా చాలా ఉంది. 1965 వలస చట్టం తర్వాత వచ్చిన మన ఇంజినీర్లకు, డాక్టర్లకు గ్రీన్ కార్డు కోసం జీవితం గడిచిపోలేదు. కార్డు వచ్చిన ఐదేళ్ళకు, పౌరులను పెళ్ళి చేసుకుని వాళ్ళతోనే ఉంటే మూడేళ్ళకు, పౌరసత్వం కోసం ఎన్-400 దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఐదేళ్ళ దారిలో కనీసం 30 నెలలు దేశంలో ఉండి ఉండాలి. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసినవాళ్ళకు పౌరసత్వ పరీక్షలో 128 ప్రశ్నల జాబితాలోంచి 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. ఇదంతా సులువే. అసలు చిక్కు దీనికి ముందుంది: భారత్‌లో పుట్టినవాళ్ళకు ఉద్యోగ కోటా గ్రీన్ కార్డు వరుస దశాబ్దాల పొడవు. ఈరోజు హెచ్-1బి మీద ఉన్న ముప్పైఐదేళ్ళవాళ్ళకు, ఎంత ప్రజ్ఞ ఉన్నా, కౌన్సిల్‌కు నిలబడే హక్కు వచ్చేసరికి యాభై దాటొచ్చు. అందుకే రాబోయే ఇరవై ఏళ్ళలో మన పేర్లతో గెలిచేవాళ్ళలో ఎక్కువమంది అక్కడ పుట్టిన పిల్లలే అవుతారని నా అంచనా. వలస వచ్చిన తరం నేరుగా చట్టసభలో కూర్చునే అవకాశాన్ని ఆ వరుస మింగేస్తోంది, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

వరుసలో ఉన్నవాళ్ళు చేయకూడనివి రెండున్నాయి, రెండూ తెలియక చేసేవే. డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్ దగ్గర ఓటరు నమోదు గడిలో టిక్కు పెట్టడం ఒకటి. పౌరసత్వం దరఖాస్తులో "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా" అని అడుగుతారు. ఆ ఒక్క టిక్కు దరఖాస్తునే కాదు, దేశంలో ఉండే హక్కునే ముంచగలదు. రెండోది విరాళం. గ్రీన్ కార్డు గానీ పౌరసత్వం గానీ లేనివాళ్ళు అమెరికాలో ఏ ఎన్నికకూ, అది స్కూల్ బోర్డుదైనా సరే, డబ్బివ్వకూడదని ఫెడరల్ చట్టం. ఫండ్‌రైజింగ్ విందు టికెట్ కూడా విరాళమే. "నా బదులు నీ పేరున చెక్కు రాయి, నీకు తర్వాత ఇచ్చేస్తా" అనడం ఇంకా పెద్ద నేరం. భార్యకు గ్రీన్ కార్డు ఉంటే ఆమె తన సొంత డబ్బుతో ఇవ్వొచ్చు. హెచ్-1బి మీదున్నవాళ్ళు జీతం లేకుండా స్వచ్ఛందంగా ఇల్లిల్లూ తిరగొచ్చు, ఫోన్లు చేయొచ్చు. నిజానికి అభ్యర్థికి చెక్కు కన్నా ఈ తిరుగుడే విలువైనది. మన విందుల్లో జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే: గుమ్మం దగ్గర చెక్కులు తీసుకునేవాళ్ళు ఇమిగ్రేషన్ స్టేటస్ అడగడానికి మొహమాటపడతారు. విరాళం ఫారంలో పేరు, చిరునామా, ఉద్యోగం, యజమాని పేరుతో పాటు "నేను పౌరుణ్ణి లేదా గ్రీన్ కార్డుదారుణ్ణి" అన్న గడి పెట్టి, అది నింపనిదే చెక్కు పెట్టెలో వేయకపోతే సరిపోతుంది. లేకపోతే ఆరు నెలల తర్వాత ప్రత్యర్థి లాయర్ ఆ జాబితా చదువుతాడు. న్యూజెర్సీలో ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికలో ఇవ్వగలిగింది చాలాకాలం 2,600 డాలర్లు, 2023 చట్టంతో 5,200 అయింది. 200 దాటితే పేరు బయటికి వస్తుంది.

డబ్బు రాష్ట్రం నలుమూలల నుంచీ వస్తుంది, ఓట్లు మాత్రం డిస్ట్రిక్ట్‌లోనివే. ఎడిసన్‌లో ఐదు వందల మంది తెలుగువాళ్ళు విందుకు రావచ్చు. వాళ్ళలో చివుకుల గారి డిస్ట్రిక్ట్‌లోని ఫ్రాంక్లిన్, పిస్కాటవే, న్యూబ్రన్స్‌విక్‌లో ఉంటూ, పౌరసత్వం ఉండి, పార్టీలో నమోదై, జూన్ ప్రైమరీలో ఓటేసేవాళ్ళు ఎందరు? న్యూజెర్సీ రాష్ట్ర ఎన్నికలు బేసి సంవత్సరాల్లో వస్తాయి, అధ్యక్షుడి ఎన్నిక హడావిడి ఉండదు, ప్రైమరీలో ఓటేసేవాళ్ళు బాగా తగ్గిపోతారు. అందుకే తెలిసిన అభ్యర్థి ముందుగా ఓటరు జాబితా తెప్పించుకుని, గత నాలుగు ప్రైమరీల్లో కనీసం రెండింటిలో ఓటేసినవాళ్ళ ఇళ్ళే ఏరుకుంటారు. గంటకు పదిహేను గడపలు తొక్కితే సగం తలుపులు తెరుచుకోవు. తెరిచిన చోట చేతిలో కాగితం మీద ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేయాలి: ఒకటి అంటే ఖాయం, ఐదు అంటే మళ్ళీ రావద్దు. చివరి వారం మళ్ళీ తిరిగేది ఒకట్లు, రెండ్లు ఉన్న ఇళ్ళకే. నామినేషన్ సంతకాలకూ ఇదే జాగ్రత్త. డిస్ట్రిక్ట్ బయటివాళ్ళవి, వేరే పార్టీవాళ్ళవి కొట్టేస్తారు, గుడి దగ్గర ఒక ఆదివారం సేకరించిన కాగితంలో సగం ఎగిరిపోవడం మామూలే. కావలసినదానికి రెట్టింపు చేయించుకోవాలి.

న్యూజెర్సీలో ఇంకో తాళం ఉండేది. కౌంటీ పార్టీ ఆమోదించిన అభ్యర్థులందరినీ బ్యాలెట్ మీద ఒకే నిలువు వరుసలో వేసేవారు, మిగతావాళ్ళు ఎక్కడో మూలన పడేవారు. ఆ వరుసలో చోటు దొరికితే ప్రైమరీ సగం గెలిచినట్టే. 2024 మార్చిలో ఫెడరల్ కోర్టు దాన్ని ఆ ఏడాది డెమోక్రటిక్ ప్రైమరీకి ఆపేసింది, తర్వాత చట్టసభే బ్యాలెట్ రూపం మార్చింది. కౌంటీ నాయకుడి ఆశీర్వాదం లేని వలస అభ్యర్థికి ఇది పెద్ద మార్పు.

"నువ్వు ఇక్కడివాడివేనా" అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. 2002లో దండేకర్ ప్రత్యర్థి రాసిన ఈమెయిల్ బయటపడింది. తాను అయోవాలో జెండాకు ప్రతిజ్ఞ చేస్తూ పెరిగిన రోజుల్లో ఆమె కులవ్యవస్థ ఉన్న భారతదేశంలో పెరిగిందని, అయోవాకు చట్టాలు చేయడానికి అదెలా పనికొస్తుందని దాని సారాంశం. దానికి జవాబు ఉపన్యాసంతో రాలేదు. ఆరేళ్ళుగా తమ పిల్లల స్కూలు బడ్జెట్ చూసిన మనిషి ఎవరో ఆ ఊరివాళ్ళకు తెలుసు, గెలిపించారు. కింది మెట్టు విలువ ఇక్కడ కనిపిస్తుంది.

గెలిచాక జీతం చూస్తే చాలామంది నమ్మరు. న్యూహాంప్‌షైర్‌లో ఏడాదికి 100 డాలర్లు. టెక్సస్‌లో 7,200. వర్జీనియా సెనేటర్‌కు 18,000. న్యూయార్క్‌లో 2023 నుంచి 1,42,000, అది దేశంలోనే ఎక్కువ. న్యూజెర్సీలో చివుకుల గారు అడుగుపెట్టిన 2002లో 49,000 అయింది, 2026 జనవరిలో 82,000కు పెరిగేదాకా అదే అంకె. కాబట్టి ఎక్కువమంది ఉద్యోగం చేసుకుంటూనే సభకు వెళ్ళాలి. మేరీలాండ్ సమావేశాలు జనవరి నుంచి 90 రోజుల్లో ముగుస్తాయి, కౌంటీ ఇంజినీరు ఆ మూడు నెలలు సర్దుకోగలరు. న్యూజెర్సీలో ఏడాది పొడవునా, ఎక్కువగా సోమ, గురువారాల్లో, రాష్ట్ర రాజధాని ట్రెంటన్ వెళ్ళాలి. యజమాని దయ లేనిదే నడవదు. ఉద్యోగం ఇస్తున్న కంపెనీకి సంబంధించిన బిల్లు వస్తే ఓటుకు దూరంగా ఉండాల్సి రావచ్చు, అది ముందే యజమానితో మాట్లాడుకోవాలి.

అసలు పని కమిటీలో. కొత్త సభ్యులు పత్రికల్లో కనిపించే కమిటీ కోరుకుంటారు. తనకు తెలిసిన విషయం మీద కమిటీ తీసుకోవడమే తెలివి. చివుకుల గారు అసెంబ్లీ టెలికమ్యూనికేషన్స్, యుటిలిటీస్ కమిటీకి అధ్యక్షత వహించారు. కరెంటు బిల్లు ఎలా తయారవుతుందో తెలిసిన ఎలక్ట్రికల్ ఇంజినీరుకు అది సరైన కుర్చీ. సభ్యుడు ఆలోచన చెబితే, పార్టీలతో సంబంధం లేని లెజిస్లేటివ్ సర్వీసెస్ ఆఫీసు దాన్ని చట్టం భాషలో రాస్తుంది. కాగితం చూస్తేనే కథ అర్థమవుతుంది: పాత చట్టంలోంచి తీసేసే మాటలు లావు బ్రాకెట్లలో, కొత్తగా చేర్చేవి కింద గీతతో. కమిటీలో సవరణ జరిగితే చేర్చిన ముక్క పక్కన చిన్న అంకె పడుతుంది. అది కమిటీకి పోతుంది, అక్కడ చైర్మన్ అజెండాలో పెట్టకపోతే రెండేళ్ళ గడువు ముగిసి బిల్లు చచ్చిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోవాలి. బిల్లు నెగ్గాలంటే అసెంబ్లీలో 41 ఓట్లు, సెనేట్‌లో 21 కావాలి. హాజరైనవాళ్ళలో మెజారిటీ చాలదు, మొత్తం సభ్యుల్లో సగం దాటాలి. అంటే ఆరోజు రాని సభ్యుడు వ్యతిరేకంగా ఓటేసినట్టే.

చివుకుల గారు ముందుండి నడిపిన సోలార్ చట్టం సంగతి చెబుతాను, ఈ పని ఎంత సూక్ష్మమైనదో దాంట్లో ఉంది. కరెంటు అమ్మే కంపెనీలు కొంత సోలార్ నుంచి తెచ్చుకుని తీరాలి, దానికి రుజువుగా వెయ్యి యూనిట్లకొక సర్టిఫికెట్ కొనాలి. ఆ కోటా అప్పట్లో మొత్తం అమ్మకాల్లో శాతంగా ఉండేది. వాడకం తగ్గితే కోటా తగ్గిపోతుంది, అప్పిచ్చే బ్యాంకు భయపడుతుంది. అందుకని శాతం తీసేసి ఏడాదికి ఇన్ని యూనిట్లని ఖాయంగా పెట్టారు: 2011 ఇంధన సంవత్సరానికి 306 గిగావాట్ అవర్స్ (ఒక్కోటి పది లక్షల యూనిట్లు), 2026కి 5,316. గవర్నర్ కార్జైన్ పదవి దిగడానికి రెండు రోజుల ముందు, 2010 జనవరి 17న సంతకం పెట్టారు. సభా కాలం ముగిసే ఆ ఆఖరి వారాలు దాటి ఉంటే బిల్లు కొత్త సభలో మళ్ళీ మొదటి నుంచి రావాలి, సంతకం కొత్త గవర్నర్ క్రిస్టీ చేతిలోకి వెళ్ళేది.

చట్టం అతిగా పనిచేసింది. అదే సమయంలో ఫెడరల్ ప్రభుత్వం ఖర్చులో 30 శాతం నగదుగా ఇచ్చింది, ప్యానెళ్ళ ధరలు కూలాయి, జనం ఎగబడి కట్టారు. కోటా మాత్రం ముందే రాసిన అంకె, కట్టడాల వేగంతో పెరగదు. 600 డాలర్ల పైన పలికిన సర్టిఫికెట్ 2012కల్లా పాతాళానికి పడింది. ఆ ధర నమ్ముకుని స్కూళ్ళ కప్పుల మీద ప్యానెళ్ళు వేసినవాళ్ళు ఇరుక్కున్నారు. 2012 జులైలో ఇంకో చట్టం వచ్చింది, దాని వెనకా ఆయన ఉన్నారు: మళ్ళీ శాతానికే తిరిగి, 2014కు 2.05 శాతం పెట్టి, ఆ తర్వాతి కొన్నేళ్ళ కోటా పెంచారు. రెండేళ్ళ కింద తాను మార్చిన కొలమానాన్ని తానే వెనక్కి తిప్పుకోవడం ఏ రాజకీయ నాయకుడికైనా కష్టం. ఆయన చట్టసభ జీవితంలో నాకు ఎక్కువ గౌరవం కలిగించేది ఇదే.

నియోజకవర్గం పనిలో మనవాళ్ళు తరచూ తప్పు తలుపు తడతారు. హెచ్-1బి ఆలస్యం, పాస్‌పోర్టు, అత్తమామల వీసా ఇవన్నీ ఫెడరల్ విషయాలు, కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు వెళ్ళాలి. నిరుద్యోగ భృతి ఆగిపోయిందా, డ్రైవింగ్ లైసెన్సులో పేరు తప్పు పడిందా, నర్సు లైసెన్సు కదలడం లేదా, వీటికి రాష్ట్ర సభ్యుడి ఆఫీసు. వెళ్ళేటప్పుడు దరఖాస్తు నంబరు, తేదీలు, వచ్చిన ఉత్తరాల కాపీలు పట్టుకెళ్తే పని వారాల్లో కదులుతుంది, కథ చెబితే కదలదు.

పై మెట్టు విషయంలో మనవాళ్ళ ఊహ ఎప్పుడూ కాంగ్రెస్సే. చివుకుల గారు 2012లో సాధారణ ఎన్నికలో, 2014లో ప్రైమరీలో ప్రయత్నించి ఓడారు. అరుణా మిల్లర్ 2018 ప్రైమరీలో ఓడారు, 2022లో మేరీలాండ్‌లో గవర్నర్ తర్వాతి స్థానమైన లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి గెలిచారు. హాష్మీ 2025లో వర్జీనియాలో అదే పదవికి గెలిచారు. పద్మ కుప్ప నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2022లో మిషిగన్ సెనేట్‌కు నిలబడి చాలా తక్కువ తేడాతో ఓడారు. కాంగ్రెస్ డిస్ట్రిక్ట్ చాలా పెద్దది, టీవీ ప్రకటనల డబ్బు కావాలి, ఊళ్ళో సంపాదించిన పేరు పక్క కౌంటీలో చెల్లదు.

మరో దారి నియంత్రణ సంస్థలు. అప్పటికి అయోవాలో డెమోక్రటిక్ రాష్ట్ర సెనేటర్‌గా ఉన్న దండేకర్ 2011లో కరెంటు, గ్యాస్ కంపెనీలను నియంత్రించే అయోవా యుటిలిటీస్ బోర్డుకు వెళ్ళారు. అప్పుడు సెనేట్‌లో డెమోక్రాట్లది 26-24 ఆధిక్యమే, ఆమె ఖాళీ చేసిన ఒక్క సీటు ఉప ఎన్నికతో సభ ఎవరిదో తేలాల్సి వచ్చింది, చివరికి వాళ్ళే నిలుపుకున్నారు. చివుకుల గారు 2014లో న్యూజెర్సీ పబ్లిక్ యుటిలిటీస్ బోర్డుకు వెళ్ళారు, ఆయన డెమోక్రాట్ అయినా నియమించింది రిపబ్లికన్ గవర్నర్ క్రిస్టీ. తాను అసెంబ్లీలో ప్రవేశపెట్టి 2010 ఆగస్టులో సంతకమైన సముద్ర పవన విద్యుత్ చట్టం కింద 1,100 మెగావాట్ల మొదటి ప్రాజెక్టుకు 2019 జూన్‌లో ఆ బోర్డు ఆమోదం తెలిపినప్పుడు ఆయన అక్కడ కమిషనర్‌గా ఉన్నారు. 2023 అక్టోబరు చివర్లో కంపెనీ ఆ ప్రాజెక్టునే వదిలేసింది. ఇక ఆయన ఖాళీ చేసిన అసెంబ్లీ సీటుకు 2014లో వారసుణ్ణి ఎన్నుకున్నది ఎవరంటే, జీతం లేని ఆ కౌంటీ కమిటీ సభ్యులే.